మామ మళ్లీ పటాలంలో చేరిన ఏడు

నా చిన్నప్పుడు మేము ఒమన్‌లో సీబ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా బాపు ఒక కంపెనీలో ఏసీ మెకానిక్. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు దగ్గర్లోని మబేలాలో కంపెనీ రూమ్‌లో ఉంటూ సైట్లలో కరెంటు పని చేసేవాడు. శుక్రవారం వచ్చిందంటే మామ మా ఇంట్లోనే. ఆ రోజు అమ్మ మటన్ వండేది. మా ముందుగది గోడకు మామ యూనిఫారంలో దిగిన ఫోటో ఉండేది. బాపు ఫోటో ఆ గోడకు లేదు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఒమన్‌కు రాకముందు మామ ఊళ్లో తన పని తాను చేసుకుంటూనే పటాలంలో ఉండేవాడు. అది ఏడాది పొడవునా చేసే సైన్యం కొలువు కాదు. అందులో ఉన్నవాళ్లు ఎవరి బతుకుదెరువు వాళ్లు చూసుకుంటూ, ఏటా కొన్నాళ్లు క్యాంపుకు వెళ్లి వస్తారు. అవసరం పడి పిలిస్తే మాత్రం తుపాకీ పట్టాల్సిందే. దాని భర్తీకి బాపు, మామ ఒకే రోజు ఒకే బస్సులో వెళ్లారట. పాదాలు చదునుగా ఉన్నాయని డాక్టర్లు బాపును పక్కన నిలబెట్టారు. మామను తీసుకున్నారు. తిరుగు బస్సులో ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రాలు మామ క్యాంపు కబుర్లు చెబుతుంటే మా బిల్డింగు పిల్లలంతా చుట్టూ చేరేవాళ్లు. బాపు మాత్రం సరిగ్గా అప్పుడే లేచి, ఏ పనీ లేకపోయినా వంటింట్లోకి వెళ్లేవాడు. గ్లాసులు అటు తీసి ఇటు పెడుతున్న చప్పుడు వినిపించేది. బాపును ఏది లోపలికి తరుముతోందో నాకు తెలుసు. నాలోనూ అదే ఉండేది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మామ కాంట్రాక్టు ముగింపుకొచ్చింది. ఇంక గల్ఫ్ చాలు, ఇంటికి పోయి మళ్లీ పటాలంలో చేరతానన్నాడు మామ. పాతవాళ్లను తిరిగి తీసుకుంటున్నారట. వయసు దాటిపోయేలోగా ఇదే చివరి అవకాశం. కానీ పరుగు పరీక్ష మళ్లీ నెగ్గాలి. అప్పటికి మామకు మెస్ అన్నంతో పొట్ట బాగా వచ్చింది. ఇక నెగ్గలేడని నాకు లోలోపల ఎంత సంతోషమో చెప్పలేను. బాపు ఆ రాత్రి అన్నం సగంలోనే చెయ్యి కడిగాడు.

తర్వాతి శుక్రవారం తెల్లవారుతూనే బాపు, ముందు రాత్రే వచ్చి పడుకున్న మామను లేపి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాడు. నీళ్ల సీసా పట్టుకుని నేనూ వెంటపడ్డాను. చేపల పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. ఇద్దరూ తడి ఇసుక మీద పరుగు మొదలుపెట్టారు. కాసేపటికే మామ వెనకబడ్డాడు. బాపు ఆగి, వెనక్కి వచ్చి, మామ పక్కనే అడుగులు కలిపి మళ్లీ పరుగెత్తాడు. అలా ఎన్నిసార్లు వెనక్కి వచ్చాడో. చివరికి మామ ఇసుకలో కూలబడి, ఊపిరి అందాక మెల్లగా అన్నాడు.

"బావా, ఆనాడు తీసుకోవాల్సింది నిన్ను."

బాపు సముద్రం వైపు తిరిగాడు. తర్వాత మామకు చెయ్యి అందించి లేపాడు.

ఇంటికి వచ్చే దారిలో మామ ముందు నడుస్తుంటే నేను బాపు చెయ్యి లాగి అడిగాను, మామ ఓడిపోతేనే బాగుంటుంది కదా, ఎందుకు నేర్పిస్తున్నావని. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"నాకు కుళ్లు లేదనుకుంటున్నవా బిడ్డా? మస్తుగున్నది. గోడకున్న ఆ ఫోటో చూసినప్పుడల్లా లోపల కాలుతది. కానీ వాడు ఉరుకుతుంటే నేను కూసోని చూసిననుకో, ఆ కుళ్లు నన్నే తింటది. వాని పక్కన ఉరికితే అది గూడ అలిసిపోతది."

ఆ తర్వాత మామ వెళ్లేదాకా ఇద్దరూ ఒక్క శుక్రవారం కూడా పరుగు మానలేదు. శుక్రవారం డ్యూటీ పడితే సాయంత్రం కంపెనీ వాన్ దిగి నేరుగా ఒడ్డుకే వెళ్లేవాడు బాపు. మామ పొట్ట తగ్గింది. నా మనసు మాత్రం అంత తేలిగ్గా మారలేదు. ఒక్కోసారి మామ తడబడితే ఇంకా సంతోషమే కలిగేది.

మామ ఊరికి వెళ్లాక ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మళ్లీ తీసుకున్నారు. అమ్మ ఏడ్చింది. బాపు ఫోన్ అందుకుని, చివరి చుట్టులో కాళ్లు పట్టేశాయా అని మాత్రం అడిగాడు. ఫోన్ పెట్టేసి బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. "ఇయ్యాల మరీ ఎక్కువున్నది బిడ్డా" అని నవ్వాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తర్వాత చెప్పులు వేసుకుని, బామ్మర్ది గెలిచాడని బిల్డింగులో ప్రతి తలుపూ తట్టి చెప్పి వచ్చాడు.

నేను ఇప్పుడు కూడా సీబ్‌లోనే ఒక బడిలో పాఠాలు చెబుతూ ముసలిదాన్ని అవుతున్నాను. కొన్నేళ్ల కిందట, ప్రధానోపాధ్యాయురాలి పదవి నాకే వస్తుందని నేనూ, అందరూ అనుకున్నాం. నాకంటే చిన్నామెకు ఇచ్చారు. మొదటి రోజు టైంటేబుల్ ముందేసుకుని ఆమె తల పట్టుకుంటే, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. లోపల మంట అలాగే ఉంది. అది ఆరాక వెళదామని ఆగి ఉంటే, ఈనాటికీ ఆ గది గుమ్మం బయటే నిలబడి ఉండేదాన్ని.