ధనరాజ్ నీలం బండి

సాలూరులో బండి అంటే లారీయే. కారున్నవాళ్ళు కూడా "కారు బయటికి తీశాను" అంటారు గాని "బండి తీశాను" అనరు. ఆ మాట లారీకే చెల్లుతుంది. అలాంటి ఊళ్ళో అప్పలసూరి గారి లారీ షెడ్డులో, పాత టైర్లకీ టార్పాలిన్ చుట్టలకీ మధ్య, ముదురు నీలం రంగు బీఎండబ్ల్యూ ఎం ఫైవ్ ఒకటి ఉండేది. దాన్ని మాత్రం ఊరంతా బండే అనేవారు. నీలం బండి.

చూడ్డానికి పెద్ద డాక్టరు గారి కారులా నాలుగు తలుపులతో మర్యాదగా ఉండేది. లోపల మాత్రం పది సిలిండర్ల ఇంజను. మన దేశంలో అలాంటివి ఎక్కడో ఒకటీ అరా తప్ప కనబడవు. అప్పలసూరి గారి ఒక్కగానొక్క కొడుకు ధనరాజ్ దాన్ని హైదరాబాదులో ఒక కాంట్రాక్టరు ఇంటి వెనక దుమ్ముకొట్టుకుని ఉండగా చూశాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ కాంట్రాక్టరుని వదల్లేదు. చివరికి ఆయన విసుగెత్తి ఇచ్చేశాడు.

ధనరాజ్ యజమాని కొడుకైనా కుర్చీలో కూర్చోలేదు. రాయపూర్ లోడు ఉందంటే డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టి తనే ఘాట్ రోడ్డు ఎక్కేవాడు. నీలం బండి వచ్చాక తీరిక దొరికితే షెడ్డులోనే. సాలూరు స్పీడ్ బ్రేకర్లకు కడుపు తగలకుండా స్ప్రింగులు మార్చి కాస్త ఎత్తు చేశాడు. పొగ గొట్టాలు మార్పించి ఇంజను గొంతు విప్పాడు. బెంగుళూరు నుంచి ఒకతన్ని రప్పించి, ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజను కంప్యూటరులో లెక్కలన్నీ మార్పించాడు. తెల్లవారుజామున పి.కోనవలస ఘాటు మీద ఆ బండి అరుపు వినబడితే టీ కొట్టువాళ్ళు "ధనరాజ్ లేచాడు" అనుకునేవారు.

ధనరాజ్ భార్యకి అన్నయ్యైన శివాజీకి పక్క వీధిలో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. అంత స్పీడులో మలుపు ఎలా తిప్పుతావని శివాజీ ఓసారి అడిగాడు.

"నడుంతో బావా," అన్నాడు ధనరాజ్. "ఎనక సక్రం జారతన్నాదంటే ముందు నడుంకి తెలస్తాది. తర్వాత సేతికి. కంటికి తెలిసేసరికి అయిపోద్ది."

ఆ నడుమే పోయింది.

కారు ప్రమాదం కాదు. ఆగి ఉన్న లారీ మీంచి పడ్డాడు. వాన వచ్చేలా ఉందని లోడు మీద టార్పాలిన్ కట్టడానికి తనే పైకెక్కాడు. తాడు బిగించి వెనక్కి లాగుతుంటే అది తెగింది. వెల్లకిలా సిమెంటు గట్టు మీద పడ్డాడు. విశాఖ ఆసుపత్రిలో ఆపరేషను అయ్యాక డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు, వెన్నులో నరం చితికిపోయింది, నడుము కింద ఇక స్పర్శ రాదు, కాళ్ళు కదలవు అని. భార్య యమున ఆ మాట విని, "మరి ఇంటికెప్పుడు తీసుకెళ్ళొచ్చండీ?" అని మాత్రం అడిగింది.

ఇంటికి వచ్చాక ధనరాజ్ మంచానికి ఒక మూత్రపు గొట్టం, గొట్టానికి ఒక సంచి వేలాడాయి. పుండ్లు పడకుండా యమున అతన్ని అటూ ఇటూ తిప్పేది. లారీ స్టీరింగు తిప్పి తిప్పి గట్టిపడిన చేతులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అవి ఊరికే దుప్పటి మీద పడి ఉండడం చూడలేక యమున తల తిప్పుకునేది. పలకరించడానికి వచ్చిన డ్రైవర్లు కాసేపు నిలబడి, డీజిలు గురించి మాట్లాడి వెళ్ళిపోయేవారు. తర్వాత రావడం మానేశారు.

అప్పలసూరి మాత్రం కొడుకు గదిలోకి అసలు వచ్చేవాడు కాదు. ఓ రోజు గుమ్మం దగ్గరే నిలబడి అన్నాడు: "ఆ కారు తీసీమంటాను. దాన్ని సూస్తంటే నా కడుపు మండిపోతన్నాది. అది కాలెట్టినకాణ్ణుంచే ఇంట్లో ఇలాగున్నాది."

"నేను పడింది లారీ మీంచి నాన్నా," అన్నాడు ధనరాజ్. "తీసీడానికైతే ముందు లారీలు తీసీ."

ముసలాయన గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

చేత్తో నడిపే ఏర్పాటు గురించి ధనరాజ్ ఫోనులో చూసింది ఆ వానాకాలంలోనే. ఎవరో పరదేశంలో కాళ్ళు కదలని మనిషి, స్టీరింగు పక్కన ఒక రాడ్డు పట్టుకుని కారు నడుపుతున్నాడు. రాడ్డు ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటరు. నీలం బండికి క్లచ్ పెడలు లేదు. గేర్లు వాటంతటవే మారతాయి. ధనరాజ్ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాడు. శివాజీకి కబురు పంపాడు.

"మామూలు కారుకి పెట్టుకుందాం బావా. దీనికొద్దు. ఇది దెయ్యం," అన్నాడు శివాజీ.

"దీనికే పెట్టాల."

"నేను లారీ బాడీలు కట్టుకునేవోణ్ణి. నా సేత్తో సేసిన రాడ్డు దార్లో ఇరిగితే? నా సెల్లి మొకం నేనెలా సూడాల?"

"నీ సెల్లి మొకం ఇప్పుడెలాగున్నాదో సూసినావా?" అన్నాడు ధనరాజ్. గొంతు లేవలేదు. "నువ్వు సెయ్యకపోతే ఇంకొకడి సేత సేయిస్తాను. ఆడికి నామీద నీకున్న బెంగ ఉండదు."

శివాజీ ఒప్పుకున్నాడు. ముందు అట్టముక్కలతో కొలత చూశాడు. తర్వాత ఇనప పైపు కోసి, వంచి, రెండు పెడళ్ళకీ బిగించాడు. నేలలో బోల్టుల కోసం కన్నాలు వేయాల్సివచ్చింది. అప్పుడు ధనరాజ్ చక్రాల కుర్చీలో తలుపు పక్కనే ఉన్నాడు. ఒకప్పుడు ఎవరైనా ఆ తలుపుకి ఆనుకుంటేనే కసిరిన మనిషి. డ్రిల్లింగు మిషను చప్పుడుకి కళ్ళు మూసుకున్నాడు గాని ఆపమనలేదు.

సీటు దగ్గర పని ఆగింది. మలుపుల్లో మనిషి కదలకుండా ఆ సీటుకి రెండు పక్కలా తోలు గట్లున్నాయి. కుర్చీలోంచి చేతుల బలంతో శరీరాన్ని ఎత్తి సీట్లోకి జరపాలంటే ఆ గట్టు అడ్డం. ఎన్నిసార్లు ప్రయత్నించినా ధనరాజ్ దాని మీదే చిక్కుకుని వేలాడాడు. చివరిసారి కిందికి జారిపోయాడు. గొట్టం ఊడి బట్టలు తడిశాయి. యమున పరిగెత్తుకొచ్చింది. శివాజీ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

బట్టలు మార్చాక ధనరాజ్ అన్నాడు: "కోసీ బావా."

"ఏటి కొయ్యాల?"

"ఆ గట్టు. కోసీ."

శివాజీ రంపపు కత్తితో కోశాడు. జర్మనీ తోలు, కింద స్పాంజి, దాని కింద ఇనుము. కోసిన చోట లారీ సీటు రెగ్జిన్ వేసి కుట్టించారు.

రాయపూర్ నుంచి విశాఖ వైపు వేస్తున్న కొత్త రోడ్డులో ఊరికి కొంత దూరంలో ఉన్న ముక్క అప్పటికి పూర్తయింది గాని ఇంకా తెరవలేదు. ఒక ఆదివారం తెల్లారేసరికి బండి అక్కడికి తీసుకెళ్ళారు. అక్కడిదాకా శివాజీయే నడిపాడు. ధనరాజ్ సీటు మారి, ఛాతీకి బెల్టు కట్టించుకుని, ఎడమ చేత్తో రాడ్డు పట్టుకున్నాడు. పక్క సీట్లో యమున కూర్చుంది.

"నువ్వు దిగు," అన్నాడు.

"దిగను."

"ఒసే, ఏదైనా అయితేనో?"

"ఏటైతాది మావా? ఇంతకన్నా ఇంకేటైతాది?"

శివాజీ రోడ్డు పక్కన నిలబడిపోయాడు. బండి కదిలింది.

మొదట్లో బాగుంది. మెల్లగా వెళ్ళాడు, ఆపాడు, మళ్ళీ వెళ్ళాడు. యమున అతని మొహం వైపే చూస్తోంది. పడిన తర్వాత ఆ మొహంలో అలాంటి వెలుగు చూడలేదామె. అందుకే ఇంకాస్త లాగుతుంటే వద్దనలేదు.

బండి ముందుకు దూకింది. ఆ దూకుడికి ధనరాజ్ ఒళ్ళు సీట్లోకి వెనక్కి అణిగింది. కాళ్ళు తన్నిపెట్టి ఆపుకుందామంటే కాళ్ళు లేవు. ఒంటితోపాటు చెయ్యీ వెనక్కి పోయింది, చేతితోపాటు రాడ్డూ వచ్చింది. రాడ్డు వచ్చేకొద్దీ బండి ఇంకా దూకింది. ఒక దాన్ని మరొకటి లాగుతున్నాయి. ఇంజను అరుపు చెవులు చిల్లులు పడేలా ఉంది. ముందు మలుపు.

అతని చెయ్యి విడిచిపెట్టింది. వెంటనే మళ్ళీ పట్టుకుని ముందుకు తోశాడు. వెనక చక్రాలు పక్కకి జారాయి. ఆ జారడం అతనికి తెలియలేదు. యమున కేక వేశాకే తెలిసింది. అప్పటికి బండి గుండ్రంగా తిరిగి, డివైడరుకి తగలకుండా, వచ్చిన దారివైపే మొహం పెట్టి ఆగింది.

రబ్బరు కాలిన వాసన. శివాజీ చాలా దూరం నుంచి పరిగెత్తుకొస్తున్నాడు.

"దెబ్బేటీ తగల్లేదు కదా?" అని అడిగాడు ధనరాజ్. యమున లేదని తలూపింది. అప్పుడతను స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. "తెలీట్లేదే. బండి నాకింద ఎలాగున్నాదో ఏటీ తెలీట్లేదే. టీవీలో సూసినట్టున్నాది."

ఆ తర్వాత రోజులు ఆసుపత్రి రోజులకన్నా చెడ్డవి. అప్పుడు ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం నెట్టేసేవాడు. తిప్పుతుంటే సహకరించేవాడు కాదు. తుంటి మీద చర్మం ఎర్రబడి చితికింది. ఓ మధ్యాహ్నం యమున ఆ పుండు కడుగుతుంటే, గోడవైపు చూస్తూ అన్నాడు:

"ఆవేళ సెయ్యి ఎందుకు ఇడిసీసినానా అని ఆలోసిస్తన్నాను."

యమున చెయ్యి ఆగింది. గిన్నెలో గుడ్డ పిండి, మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే అంది:

"నేను పక్కనున్నాను కాబట్టి ఇడిసీసినావు. నాకు తెలుసు. అందుకే ఆవేళ దిగనేదు."

ధనరాజ్ తల తిప్పి ఆమెను చూశాడు.

"నీకు ముందే తెలుసా?"

"నీతో కాపరం సేస్తన్నాను కదా." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీగా లేవు. "రోజూ పక్కన కూకోలేను మావా. నాకూ ఓపిక అయిపోతన్నాది. నిన్ను తిప్పినాక నా నడుమూ పని సెయ్యట్లేదు. ఇంకెప్పుడైనా అలాటి ఆలోసనొస్తే ముందు నాతో సెప్పు. అంతే."

అతను చెబుతానని అనలేదు. కాని సాయంత్రం, తనంతట తను, "ఈ పక్కకి తిప్పు, నొప్పెడతన్నాది," అన్నాడు. నిజానికి అక్కడ అతనికి నొప్పి తెలియదు. యమున ఆ మాట ఎత్తకుండా తిప్పింది.

నీలం బండిని అమ్మేయమని ధనరాజే అన్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు నేలకి కన్నాలు, కోసిన సీటు చూసి వెనక్కి పోయారు. చివరికి భువనేశ్వర్ నుంచి ఒక పార్టుల వ్యాపారి ఇంజను కోసం తీసుకుంటానన్నాడు. తీసుకెళ్ళడానికి లారీ కావాలంటే అప్పలసూరి తన లారీయే ఇచ్చాడు. ఎక్కించేటప్పుడు తాళ్ళు సరిగ్గా కట్టారో లేదోనని ధనరాజ్ కుర్చీలో చుట్టూ తిరిగి చూశాడు. ఒక ముడి విప్పించి మళ్ళీ కట్టించాడు. లారీ గేటు దాటి ఘాటు వైపు తిరిగేదాకా కుర్చీ వెనక తండ్రి నిలబడే ఉన్నాడు. కొడుకు తల మీద ముసలాయన చెయ్యి పెట్టాడు, తీశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ధనరాజ్ అన్నం ముట్టలేదు.

శివాజీ ఆ రాడ్డునే మార్చి, చెయ్యి ఆనించుకోడానికి ఒక దిమ్మ పెట్టి, పాత ఆటోమేటిక్ మారుతికి బిగించాడు. అది ఎంత లాగినా దూకదు. ధనరాజ్ దాంట్లో మార్కెట్టు దగ్గర లారీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. "కుట్టుమిషను," అనేవాడు దాన్ని. అసహ్యంగానే నడిపేవాడు. కొన్ని రోజులు అసలు లేచేవాడే కాదు. దాని పెడళ్ళు ఎలాగూ ఖాళీగా ఉన్నాయి కదా అని, అతను లేవని ఉదయాల్లో, శివాజీ చెల్లెలికి డ్రైవింగు నేర్పాడు.

తుంటి మీద పుండు ఈ ఎండాకాలంలో మళ్ళీ తిరగబెట్టింది. జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతోంది. శివాజీ ఊళ్ళో లేడు. డ్రైవర్లందరూ లోడు మీద ఉన్నారు. ఫోను చేసిన అంబులెన్సు ఎంతకీ రాలేదు. యమున మామగారి సాయంతో ధనరాజ్‌ని మారుతి వెనక సీట్లో బోర్లా పడుకోబెట్టి, స్టీరింగు ముందు కూర్చుంది. అంతవరకు ఆమె ఊరి పొలిమేర దాటి నడిపింది లేదు.

రామభద్రపురం దాటేదాకా రోడ్డంతా లారీలే. ధనరాజ్‌కి సీటు వెనకభాగం తప్ప ఏమీ కనబడదు. అయినా జ్వరంలోనే అరుస్తున్నాడు: "ఎనకాల లారీ ఉన్నాది, సైడియ్యి! బ్రేకు మీంచి కాలు తియ్యే! ఒసే, మరీ అంత అంచుకెల్లిపోకు, మట్టి తగల్తన్నాది!"

"నీకెలా తెలుసు మట్టని?"

"సప్పుడు మారింది కాదేటి!"

గజపతినగరం దగ్గర ఆమె బండి పక్కకి తీసి ఆపింది. నావల్ల కాదు మావా అని ఏడ్చింది. వెనకనుంచి అతను నెమ్మదిగా చెప్పాడు, నీళ్ళు తాగమని, చేతులు తుడుచుకోమని, అద్దంలో చూసి ఎవరూ లేనప్పుడు రోడ్డెక్కమని. "తొందరేటీ నేదు. నేనెక్కడికీ ఎల్లిపోను. మెల్లగా పద."

విజయనగరం ఆసుపత్రి ముందు ఆమె బండిని మెట్లకి అడ్డంగా పెట్టి ఆపింది. వాచ్‌మన్ తీయమని అరుస్తున్నాడు. ఆమె తీయలేదు. తలుపు తెరుచుకుని స్ట్రెచరు కోసం లోపలికి పరిగెత్తింది.