కేకకు జవాబు

పాటలు కట్టే ఇద్దరు హైదరాబాదు నుంచి వచ్చి, జూలూరుపాడు దగ్గర నేను పనిచేసే బడిలో వారం రోజులు ఉన్నారు. ఆయనది కీబోర్డు, ఆమెది వయొలిన్. పిల్లలతో, టీచర్లతో కలిసి కొత్త పాట ఒకటి తయారు చేయాలని వాళ్ల ఆలోచన. ఇంట్లోనో చేలోనో రోజూ వినే చప్పుడేదైనా తెమ్మన్నారు. పిల్లలు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలే కేక తెచ్చారు. ఆయనకది ఎంత నచ్చిందంటే, పాట నడుమ ఒకే ఒక్క గొంతు ఆ కేక వేయాలన్నారు. తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఆపైన వయొలిన్.

ఆ గొంతు కోసం ఆమె మా పాపను ఎంచుకుంది. సన్నగా, దూరం పోయే గొంతట. పాప ఇదే బడిలో మూడో తరగతి. చలి మొదలైతే చాలు, ఆయాసం. ఆ మధ్యనే కొత్తగూడెం దవాఖానాలో చేర్చి తెచ్చాం. ఇది రాస్తూ కూడా పక్కన దాని ఊపిరి వింటూనే ఉన్నాను. వద్దని చెప్పాను. "అమ్మా, నేనే ఏస్త" అంది పాప.

"అమ్మ కాదే, టీచర్" అని వెనక బెంచీ నుంచి ఎవరో వెక్కిరించారు. అందరూ నవ్వారు. నా మాట ఆ నవ్వుల్లో పోయింది.

ప్రాక్టీసులో పాప కేక వేయగానే మిగతా పిల్లలంతా బదులు కేక వేశారు. ఎన్నిసార్లు ఆపినా అంతే. ఎందుకలా అని ఆయన అడిగితే ఏడో తరగతి పిల్ల లేచింది.

"జవాబియ్యకుంటే ఎట్ల సార్? జవాబు రాలేదంటే, మంచె మీదికెళ్లి కింద పడ్డదో, పాము కుట్టిందో అని ఉరికొస్తరు."

ఇక్కడ పాములేం లేవులే అని ఆయన బుజ్జగించారు. చివరికి పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని ఊరుకోవడం నేర్చుకున్నారు.

పాట పాడే రోజు తల్లిదండ్రులు వచ్చి నేల మీద పరిచిన పట్టాల మీద కూర్చున్నారు. నేను ఇన్‌హేలర్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. పాప కేక మొదలుపెట్టింది, సగంలో తెగిపోయింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగిపోయింది. నిశ్శబ్దం కోసం ఆయన చెయ్యి లేచే ఉంది. నేను అడుగు వేశాను.

అంతలో పట్టాల మీద నుంచి ఒకాయన జవాబు కేక వేశాడు. ఆయనకెవరూ ఏమీ నేర్పలేదు మరి. ఆ వెంటనే ఇంకొందరు, ఆపైన నోళ్ల మీది చేతులు తీసేసి పిల్లలంతా. ఆ గోలలో పాప ఊపిరి కూడదీసుకుంది. నేను ఇన్‌హేలర్ చాపితే తల అడ్డంగా ఊపింది. మళ్లీ కేక వేసింది. సన్నగా ఉంది, కానీ తెగలేదు.

మళ్లీ అందరూ జవాబిచ్చారు. కీబోర్డు ఆయన చెయ్యి దించి, వయొలిన్ మొదలుపెట్టొద్దని ఆమెకు సైగ చేశారు. కూర్చోమని నాక్కూడా చేశారు. నేను కూర్చోలేదు.