మూడు బ్యారెళ్ల రివాల్వరు

తుపాకుల దుకాణంలో పనిచేసినవాడు తన మనసులో ఏళ్ల తరబడి ఒక బరువు ఉందంటే మీరు కొంచెం ఎక్కువే ఊహించుకుంటారు. అంత లేదు. నేను ఎవర్నీ కాల్చలేదు. నా వల్ల ఒక్క తూటా కూడా పేలలేదు. పేలలేదు కాబట్టే ఇన్నాళ్లూ మంచివాడిగా చలామణీ అయ్యాను. నేను మోసింది ఆ మంచిపేరుని. చూడ్డానికి బరువనిపించదు. మోసి చూస్తే తెలుస్తుంది.

ఈ సంగతి నా భార్యకి తెలియదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, మీలో నాకు నచ్చింది అదే.

తొంభైల మధ్యలో బీయస్సీ పాసై హిందూపురం నుంచి బెంగుళూరు వచ్చాను. కంటోన్మెంటు వైపు లైసెన్సు తుపాకుల దుకాణం ఒకటుండేది. ఫిజిక్సు చదివినవాడు తుపాకులకి పనికొస్తాడని ఓనరు నన్ను పెట్టుకున్నాడు. తుపాకీకి ఫిజిక్సుతో సంబంధం ఉన్నమాట నిజమే. నాకే అంతగా లేదు.

వెనక గదిలో ఆచారి మామ ఉండేవాడు. తుపాకుల రిపేరీ అంతా ఆయనదే. మాకు చుట్టరికమేమీ లేదు. బ్రహ్మచారులకి గది ఇవ్వనన్న ఇంటావిడతో, వీడు నా సొంత మేనల్లుడని ఆయన అబద్ధమాడాడు. అప్పట్నుంచి మామ. మొదటి ఏడాది నా మధ్యాహ్నం తిండి చాలావరకు ఆయన క్యారియర్లోదే. పని కూడా ఆయనే నేర్పాడు, తిట్టుకుంటూ. మంచివాడే గానీ అణకువ మాత్రం లేదు. అరవై దగ్గరపడుతున్నా కళ్లజోడు లేదు, ఆ సంగతి దుకాణంలోకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఎవరైనా కస్టమరు కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే, ఇంట్లో ఎవరో పోయినవాణ్ణి చూసినట్టు జాలిగా చూసేవాడు.

మా దగ్గర భద్రంగా ఉంచమని కస్టమర్లు తమ తుపాకులు వదిలి వెళ్లేవారు. అందులో కాఫీతోటలున్న ఒకాయనది జర్మనీ రివాల్వరు. పెట్టెలో తుపాకీ ఒక్కటే, బ్యారెళ్లు మూడు, సిలిండర్లు మూడు. తూటా సైజు మార్చాలంటే ఇంకో తుపాకీ కొనక్కర్లేదు. ముందున్న గొట్టం, అదే బ్యారెల్, విప్పి ఇంకోటి బిగించాలి, తూటాలు పెట్టే గుండ్రటి సిలిండరు తీసి దాని జతది పెట్టాలి. పైనుంచి చూస్తే మూడు గొట్టాలూ ఒకటే లావు, తేడా అంతా లోపలి రంధ్రంలోనే. అందుకే జత తప్పకూడదు. పెద్ద తూటాల సిలిండరు పెట్టి సన్న రంధ్రం గొట్టం బిగిస్తే తూటాకి దారి ఉండదు. అప్పుడు తుపాకీ పగిలేది కాల్చేవాడి చేతిలో, మొహం ముందర.

ఆ ఏడు ఆయుధపూజకి అన్ని దుకాణాలూ స్పానర్లకీ స్కూటర్లకీ బొట్లు పెట్టుకుంటుంటే మేము తుపాకులకి పెట్టాం. ఆయుధపూజని అక్షరాలా పాటించింది ఆ వీధిలో మేమొక్కళ్లమే. ఆచారి మామ జర్మనీ రివాల్వర్ని విప్పి, మూడు జతలూ అరిటాకు మీద విడివిడిగా పేర్చి, పసుపూ కుంకుమా చామంతులూ పెట్టాడు. హారతి అయ్యాక ఒక్కొక్కటే తుడిచి, నూనె రాసి, బిగించి, పెట్టె మూశాడు. ఆ బిగించడం నేను దగ్గరుండి చూశాను. సరిగ్గా బిగించాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి. దీనికి సాక్షిని నేనొక్కణ్ణే.

తర్వాత అందరూ గుమ్మడికాయ కొట్టడానికి వాకిట్లోకి వెళ్లారు. బొరుగుల ప్రసాదం కోసం వచ్చిన నా రూమ్మేట్లు ఇద్దరు లోపలే ఉన్నారు. వాళ్లకి నేనో తుపాకుల పండితుణ్ణి. పెట్టె తీశాను. ఒకే దేహం, మూడు అవతారాలు అంటూ ఉపన్యాసం మొదలుపెట్టి, గొట్టం విప్పి ఇంకోటి బిగించి చూపించాను. వాళ్లు నోళ్లు తెరిచారు. ఇంతలో కాయ పగిలిన చప్పుడు, ఓనరు అడుగుల చప్పుడు. చేతికందిన గొట్టం గబగబా బిగించేసి పెట్టె మూసి, బొరుగులు నముల్తూ నిలబడ్డాను.

పండగ అయ్యాక కాఫీతోటల ఆయన వచ్చాడు, అటునుంచటే షూటింగ్ రేంజికి పోతానన్నాడు. ఇచ్చేముందు గొట్టంలోంచి వెలుతురు చూడమని నేర్పింది మామే. చూశాను. పెద్ద సిలిండరు, సన్న రంధ్రం. బ్యారెల్ మారిపోయిందని మాత్రం అనగలిగాను.

మారిపోయింది. దానంతట అదే, నడుచుకుంటూ.

అందరూ మామ వైపు చూశారు. ఆయన తీసుకుని వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. తర్వాత, బిగించింది నేనే అన్నాడు. అది నిజమే కదా, అందుకే ఎవరూ అనుమానించలేదు. నేను నోరు విప్పాల్సింది అప్పుడు. ఉద్యోగం పోతుందని భయమా? ఉంది. కానీ ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నది వేరే. ఆ కాఫీతోటల ఆయన నా భుజం తట్టి, నా ప్రాణం కాపాడావయ్యా అన్నప్పుడు, భయంతో పాటు నాలో ఎక్కడో కాస్త సంతోషం కూడా కలగలేదూ? కలిగింది. ఇది రాయడానికే నాకింత కాలం పట్టింది.

మామని ఎవరూ పొమ్మనలేదు. ఆయనే రివాల్వర్లు ముట్టుకోవడం మానేశాడు. తుపాకుల కొయ్య మడమలకి పాలిష్ పెట్టే పని చాలన్నాడు. కస్టమర్ల కళ్లజోళ్ల వైపు చూడటం కూడా మానేశాడు. చెకింగు పని నాకొచ్చింది, దాంతో పాటు పరపతీ వచ్చింది. ఆ రోజుల్లోనే నాకు పిల్లనిద్దామనుకున్న ఒకాయన వాకబు చేయడానికి దుకాణానికొచ్చాడు. మామ ఆయన్ని టీకి తీసుకెళ్లి, ఆ పిల్లోడు ఉండాడు కాబట్టే నేను జైల్లో లేను అని చెప్పాడట. సంబంధం అక్కడే ఖాయమైంది. నా భార్య ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకి ఆ కథ చెబుతుంది. బాగా చెబుతుంది. నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగుతాను.

మామ తర్వాత బెంగుళూరు పొలిమేరల్లోని అత్తిబెలెలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అల్లుడికి ఇనప గేట్లు చేసే షెడ్డు ఉంది. కొన్నేళ్లకి, అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది, చెప్పేద్దామనే బయల్దేరి వెళ్లాను. షెడ్డు బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లోపల పని జరుగుతోంది, ఆయన చేతులు మాత్రం ఒళ్లో ఉన్నాయి.

"ఏమప్పా, లావైనావే. పెండ్లాం బాగా చూసుకుంటా ఉండాదా?"

"నువ్వు కుదిర్చిన సంబంధమే కదా మామా. ఇంకెలా చూస్తుంది."

నవ్వాడు. "కండ్ల డాక్టరు తావకి పోయింటి. చూపు బాగుండాదంట. అద్దాలే వద్దన్నాడు."

"ఇంకేం, మళ్లీ గొప్పలు మొదలుపెట్టు."

"కండ్లు బాగుంటే మరి ఆ పొద్దు చెడింది యాడప్పా? ఈడ." వేలితో తల చూపించాడు. "మతిమరుపైతే గుర్తే ఉండదు గదా. నాకు గుర్తుండాది. సరిగ్గా బిగించినట్టే గుర్తుండాది. జరగనిది జరిగినట్టు గుర్తుంటే, ఇంగ దేన్ని నమ్మేది? అందుకే పని ముట్టేది లే. ఇంట్లో గ్యాసు కూడా ముట్టనియ్యరు. మంచిదే. నువ్వు చూసినావు కాబట్టి సరిపోయింది."

నా చెయ్యి పట్టుకున్నాడు.

అడ్డంకి ఏదో వచ్చిందని చెప్పుకోవాలనుంది. రాలేదు. ఫోను మోగలేదు. ఎవరూ పిలవలేదు. ఆయన కూతురు కాఫీ ఇచ్చి ఎప్పుడో లోపలికెళ్లింది. ప్రపంచమంతా పక్కకి తప్పుకుని నాకు వీలు కల్పించింది. నేను, నాకైతే నిన్న తిన్నదే గుర్తుండదు మామా, నీకన్నా నేనే అన్యాయం అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. మంచి జోకే మరి.

ఆ తర్వాత ఆయన పోయాడు. వెళ్లాను. కూతురు నన్ను చూసి, మా నాయన నీ మాటే చెప్పేవాడప్పా అంది. తలూపాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీకు ఆ హక్కు లేదు, ఉన్నవాడికి నేను అవకాశమివ్వలేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. నేను తినే తిండీ, నా చేతిలో పనీ, నా ఇల్లూ ఇల్లాలూ, ఏది తీసి చూసినా దాని కింద ఆయన చెయ్యి ఉంటుంది. ఆయనకి చాలాసార్లు థాంక్స్ చెప్పాను, క్యారియరుకీ, గదికీ, పెళ్లికీ. అవన్నీ మనస్ఫూర్తిగా చెప్పినవే. ఈ ఒక్కదానికి, నా తప్పు తను మోసినందుకు, చెప్పాలంటే ముందు ఒప్పుకోవాలి, ఆ వరస తెలియక కాదు ఆగిపోయింది. ఇలాంటి మనిషి నా పక్కన నిలబడ్డాడు కదా అని తలుచుకుంటే, ఈ సిగ్గులో కూడా నాకు అదృష్టమే ఎక్కువ కనిపిస్తుంది. ఆయనకి ఆ అదృష్టం మిగల్లేదు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, అత్తిబెలె దాకా వెళ్లి కూడా నోరు తెరిచి చెప్పలేకపోయిన మాట. బ్యారెల్ మార్చింది నేను. మామా, నీకు గుర్తున్నదే నిజం.