గేటు దగ్గరికి జరిగిన మీటరు

ఆ వీధిలో ఆయన్ని బొటనవేలు మేస్త్రి అంటారు. కేబులు కొనేటప్పుడు దాని పక్కన బొటనవేలు ఆనించి చూసి, "ఇది చాలు" అనేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆ వేలు తప్పలేదు. తప్పిందని ఆయన ముఖం మీద చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదనుకునేవాళ్లు. ఎప్పుడో పుట్టింది, ఆయనింట్లోనే, కూతురై.

కూతురూ అదే పనిలోకి వచ్చింది గానీ పద్ధతి వేరు. ఇల్లంతా గదిగదికీ తిరిగి, ఏ పూట ఏమేం ఒకేసారి వేస్తారో అడిగి రాసుకుంటుంది. తర్వాత కేబులు వెళ్లే దారంతా కొలుస్తుంది.

"వైరింగుకొచ్చావా, జనాభా లెక్కలకొచ్చావా?" అంటాడు తండ్రి.

ఈసారి ఓ పాత ఇంటికి కొత్త వైరింగు. గుమ్మం పక్కనుండే మీటరును గేటు దగ్గరికి మార్చారు. అక్కణ్ణుంచి మెయిన్ బోర్డుకి మేస్త్రి ముందురోజే ఆరు ఎమ్మెమ్ రాగి కేబులు లాగించి, కరెంటు కూడా ఇచ్చేశాడు. సాయంత్రం ఆ కేబులు వేసిన కాలవ పూడ్చి బండలు పరిచేస్తే ఇక దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు.

కూతురు కొలిచింది. ప్రహరీ వెంట చుట్టు తిరిగి వెనక వంటింట్లోని ఆ బోర్డు దాకా అరవై మీటర్లు! లోడుకు ఆ కేబులు చాలు, అంత దూరానికి చాలదు. వోల్టేజి దారిలోనే పడిపోతుంది. చెబితే నాన్న పరువు పోతుంది, ఊరుకుంటే ఈ ఇంటివాళ్లు ఏళ్ల తరబడి అవస్థ పడతారు. కాసేపు నాన్న మీద జాలేసింది, ఆ తర్వాత కోపమొచ్చింది. ఆ కోపమే పనికొచ్చింది.

"నాన్నా, ఇది తీసేసి పదహారు ఎమ్మెమ్‌ది వెయ్యాలి."

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"మేస్త్రితో."

ఇంటావిడ చెవులు రిక్కించింది. "పెద్దాయనకి తెలీదంటావా అమ్మాయ్?"

"నా మాటా వద్దు, ఆయన మాటా వద్దండీ. పొద్దున ఎనిమిదింటికి మీరు ఏమేం వేస్తారో, అన్నీ ఇప్పుడు వెయ్యండి."

గీజర్లు, ఏసీ, కరెంటు పొయ్యి, నీళ్ల మోటారు అన్నీ వేసింది ఆవిడ. మోటారు మూలిగింది. కూతురు మల్టీమీటరు తండ్రి చేతికిచ్చింది. ఆయనే గేటు దాకా వెళ్లి చూశాడు: రెండువందల ముప్పై. బోర్డు దగ్గర చూశాడు: రెండువందల పన్నెండు. నమ్మలేక మళ్లీ వెళ్లాడు. అంకెలు ఆయనకంటే మొండివి.

"మొన్నమొన్నటిదాకా మీటర్లు గుమ్మంలోనే ఉండేవే," అన్నాడు నెమ్మదిగా.

"దూరం తక్కువ, అందుకే నువ్వెప్పుడూ తప్పలేదు నాన్నా. ఈ కేబులేం వృథా పోదు. మెయిన్ బోర్డు నుంచి పై అంతస్తు బోర్డుకి పన్నెండు మీటర్లే, దానికి సరిగ్గా సరిపోతుంది."

మేస్త్రి కాలవ పూడ్చేవాళ్లను ఆపి, ఇంటావిడ వైపు తిరిగాడు. "అమ్మాయి చెప్పిందే ఖాయమండీ. పదహారు వేస్తాం."

ఆవిడ లోపలికి వెళ్లాక చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"పోయినేడాది పై వీధిలో రెండిళ్లకి మీటర్లు గేటు దగ్గరే పెట్టించాను. వాళ్లకింకా తెలీదు. పద, తప్పు నాదని నేను చెప్తాను. ఎంత లావుది వెయ్యాలో నువ్వు చెప్పు."