గుడ్డపీలికల సంచిలో రొట్టె

మా వీధి దర్జీ భార్యను అందరూ బొత్తాలమ్మ అనేవారు. ఎవరి చొక్కాకు బొత్తాం ఊడి కనిపించినా ఆపి, నిలబెట్టే కుట్టి పంపేది. "కదలకు నాయనా, సూదికి పొట్టా బొత్తామూ ఒకటే" అని నవ్వించేది.

ఆ నవ్వు ఆగిపోయి మూడు నెలలైంది. దర్జీకి కడుపులో పుట్టిన కేన్సరు కాలేయానికి పాకింది. ఇక నయం కాదు, నొప్పి తెలియకుండా చూసుకుందామని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపారు. వారానికోసారి నర్సమ్మ వచ్చి చూసి వెళ్లేది.

బొత్తాలమ్మ భయమంతా కంచం మీదే. నాలుగు ముద్దలు తింటే ఆయన బతుకుతాడు, తినకపోతే ఆ లోపం తన చేతిదే. రోజూ దేవుడికి దండం పెట్టి మరీ పళ్లెం అందించేది. చిక్కిపోతున్న సంగతి ఆయనకు తెలియకూడదని చొక్కాల పక్క కుట్లు విప్పి, అరంగుళం లోపలికి పట్టి కుట్టేది. "చూడు, చొక్కా సరిగ్గానే ఉంది, ఒళ్లెక్కడికీ పోలేదు" అనేది. "అవునవును" అనేవాడాయన. ఆయన తిన్నాడని తెలిశాకే తను తినేది.

ఒక ఉదయం ఆయన మంచం పక్కనే కుట్టుమిషను కిందున్న గుడ్డపీలికల సంచికి చీమలు బారులు తీరాయి. ఆమె సంచి బోర్లించింది. పీలికల మధ్య రొట్టె ముక్కలు, ఎండిపోయిన గుడ్డు సొన. వారం రోజులుగా ఆయన "తినేశాను" అన్నదంతా అక్కడే ఉంది. మరి ఈ మనిషి ఇన్నాళ్లూ దేని మీద బతికాడు?

అంతలో నర్సమ్మ వచ్చింది.

"నేనే ఆయన్ని ఆకలితో చంపేస్తున్నానమ్మా! ముక్కులో గొట్టం వేసైనా పొయ్యండి."

నర్సమ్మ ఆమెను నేలమీద కూర్చోబెట్టి తనూ పక్కనే కూర్చుంది. "నువ్వు కాదక్కా, జబ్బే ఆయన ఆకలిని తినేసింది. ఇప్పుడు గొట్టంతో పోసినా ఒంటికి పట్టదు, పైగా వాంతులు, ఆయాసం. అడిగితే రెండు చెంచాలు పెట్టు. వద్దంటే పెదాలు తడుపు, పక్కన కూర్చో. అంతే."

మంచం మీంచి సన్నటి గొంతు వినిపించింది. "దొంగ దొరికాడా?"

"ఎందుకిలా చేశావయ్యా?"

"నేను తింటే గానీ నువ్వు ముట్టవుగా. నీ కడుపైనా నిండుతుందని." దర్జీ ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు మాత్రం తక్కువా? ముప్పయ్యేళ్లు మిషను తొక్కినవాడికి తన చొక్కా కుట్టు తెలీదా? ఎడమపక్క వంకర పోయింది చూసుకో."

ఆమె ఏడుస్తూనే నవ్వింది.

మధ్యాహ్నం ఆయన చల్లటి పాలు అడిగాడు. ఒక చెంచా మింగి మొహం తిప్పుకున్నాడు. రెండో చెంచా పట్టిన ఆమె చెయ్యి అలవాటుగా ఆయన నోటిదాకా వెళ్లింది. దేవుడా, ఈ చేతిని ఆపు, అనుకుంది. ఆ చెంచా తన నోట్లో పెట్టుకుంది.

భయం పోలేదు. చెంచా గిన్నెకు తగిలి టకటకమంటూనే ఉంది. ఆయన మాత్రం ఆమె గిన్నె ఖాళీ చేసేదాకా ఆమెనే చూస్తూ ఉన్నాడు, కళ్లు మూయలేదు.