బొట్టు పెట్టిన పెన్‌డ్రైవ్

ఇన్నాళ్లుగా రాస్తున్నాను, ఒక్కరూ జవాబివ్వలేదు. జవాబంటే నా లెక్కలో ‘అందింది’ అనే మర్యాద మాట కాదు, అడిగినదానికి అవుననో కాదనో చెప్పడం. నా మొదటి ఉత్తరానికి ఏమీ రాలేదు. రెండోదాని కింద ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టి వెళ్లిపోయారు. మెచ్చుకున్నారో, ఓదార్చారో, పొమ్మన్నారో తెలియదు. మూడోదాన్ని మనిషి కూడా కాదు, ఒక యంత్రం మూసేసింది. ‘ఇక్కడ చాలాకాలంగా కదలిక లేదు గనక మూసేస్తున్నాం’ అంది. కదలనిది ఎవరు? నేను రాశాను, మళ్లీ రాశాను, అడగని వివరాలు కూడా జతచేశాను. కదలనిది అవతలివాళ్లు. ఇవేవీ నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

విషయం తెలియనివాళ్ల కోసం చెబుతాను. బెంగాల్‌లో ఖరగ్‌పూర్ బయట విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ ఉంది. అందులో కంప్యూటర్లకు జబ్బు చేస్తే చూసే మనిషిని నేను. నా చేతిలో ఉండే ముఖ్యమైన పనిముట్టు ఒక పెన్‌డ్రైవ్. దాంట్లో కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ వ్యవస్థ మొత్తం ఉంటుంది. పడిపోయిన కంప్యూటర్‌కి దాన్ని గుచ్చితే, అది తన డిస్కు జోలికి పోకుండా నా పెన్‌డ్రైవ్ మీద లేచి కూర్చుంటుంది. అప్పుడు నేను లోపలికి వెళ్లి పాడైనది బాగుచేస్తాను. మా రైల్వే ఊరి భాషలో చెప్పాలంటే, పట్టాలు తప్పిన బండి దగ్గరికి క్రేన్ తీసుకుని వెళ్లే రిలీఫ్ ట్రైన్ లాంటిది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో కలిసి దీన్ని తయారుచేసి ఊరికే ఇస్తారు. కొన్ని నెలలకోసారి కొత్త విడుదల వస్తుంది, దాంతోపాటు ఒక ప్రకటన వస్తుంది.

ఆ ప్రకటనలు అందరూ కొత్తగా ఏం వచ్చిందో చూడ్డానికి చదువుతారు. నేను ఏం పోయిందో చూడ్డానికి చదువుతాను. ఈ అలవాటు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. కొత్త టైమ్‌టేబుల్ రాగానే, శ్రీకాకుళం వైపు మా తాతగారి ఊరి చిన్న స్టేషన్‌లో ఏ పాసింజరు ఆగడం మానేసిందో ముందు అదే వెతికేవాడు. కొత్తగా వేసిన బండ్ల సంగతి తర్వాత. ‘కొత్తవి ఎలాగూ సెప్తారు, తీసేసినవి మనమే సూసుకోవాల’ అనేవాడు.

అలా చూస్తుంటేనే ఒక విడుదలలో ఆ వాక్యం కంటబడింది. పాత తరహా ప్రాసెసర్ల కోసం తయారుచేయడం ఇకమీదట ఆపేస్తున్నాం, అని. ఒకే ఒక వాక్యం. అదీ అట్టడుగున, అందరికీ కృతజ్ఞతలు చెప్పేశాక. నేను వెంటనే వాళ్ల సైట్‌లో రాశాను. ఆపేయండి, మీ ఇష్టం, మీ కష్టం మీది. కానీ పాత యంత్రాలమీద నడిచే ఆఖరి విడుదలను మాత్రం దించుకోగలిగే చోట ఉంచండి, అని. అదే నా మొదటి ఉత్తరం. తర్వాతి విడుదల వచ్చేసరికి ఆ పాతదాని లింకు నొక్కితే పేజీ లేదని వచ్చింది.

“ఊరికే ఇస్తన్నారు కదేటండీ, మళ్లీ దానికి తగువేటి?” అంది మా ఆవిడ.

“చలివేంద్రంలో నీళ్లూ ఊరికేనే. కుండ ఎత్తేసేటప్పుడు దారినపోయేవాడికి చెప్పాలా వద్దా?”

“సెప్పినారు కదా, అడుగున రాసినారని మీరే అన్నారు.”

నేను ఆ ప్రకటనను మళ్లీ అడుగునుంచి చదవడం మొదలుపెట్టాను.

పాత విడుదల కాపీ నా పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. ఇంకోటి నా పాత లాప్‌టాప్‌లో ఉండేది. కొత్త లాప్‌టాప్ ఇచ్చినప్పుడు మా మేనేజర్ పాతదాన్ని నన్నడక్కుండానే తుడిపించేశాడు. అది వేరే ఫిర్యాదు, దానికీ జవాబు రాలేదు.

ఇక అసలు సంగతి. మా ఫ్యాక్టరీలో ఒక పరీక్ష యంత్రం ఉంది. ఇనుప కడ్డీని రెండు కొసలా పట్టుకుని తెగేదాకా లాగుతుంది, ఎంత బలానికి తెగిందో పక్కనున్న కంప్యూటర్ గీత గీసి చూపిస్తుంది. ఆ కంప్యూటర్ పాతది. పరీక్ష యంత్రాన్ని దానికి కలిపే లోపలి కార్డు కొత్త కంప్యూటర్లలో పట్టదు, డిస్కు వెడల్పాటి రిబ్బన్ తీగది. ఆ యంత్రాన్ని నడిపేది ఒకామె. మేముండే ట్రాఫిక్ సెటిల్‌మెంటు రైల్వే కాలనీ మనిషే, తెలుగావిడే, అయినా ఫ్యాక్టరీలో అందరూ దీదీ అంటారు, నేనూ అంతే. నలుగురిలో ఆమె నన్ను దాదా అంటుంది, ఎవరూ లేకపోతే అన్నయ్యా అంటుంది. ఆ యంత్రం ఏ కడ్డీకి ఎలా మూలుగుతుందో ఆమెకు తెలుసు. ఆమెకు తెలిసిన పనీ అదే.

విశ్వకర్మ పూజ వచ్చింది. మా ఊళ్లో ఆ రోజు పనిముట్టుకు పని చెప్పరు. వర్క్‌షాపైనా, సైకిల్ రిపేరు కొట్టైనా, మా ఫ్యాక్టరీ అయినా అంతే. కడిగి, గంధం రాసి, బొట్టు పెట్టి, దండ వేసి కూర్చోబెడతారు. ఏడాది పొడుగునా ఆపని ఆ పరీక్ష కంప్యూటర్‌ని కూడా ఆ రోజు ఆపేశారు. నా బల్ల మీది స్క్రూడ్రైవర్లు, పట్టకారు, పెన్‌డ్రైవ్ అన్నీ పళ్లెంలో పెట్టి పూజ దగ్గరికి తీసుకుపోయారు. తిరిగొచ్చినప్పుడు చూస్తే పెన్‌డ్రైవ్ మూతికి దట్టంగా గంధం, దానిమీద కుంకం.

తుడిచేయాలనిపించింది. కానీ తుడవలేదు. చిన్నప్పుడు నాన్న సుత్తికి పెట్టిన బొట్టు చెరిపేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. “ఒరే, పనిముట్టుకెట్టిన బొట్టు సేత్తో తుడవకూడదురా. పనే తుడవాల” అన్నాడు. పనిచేస్తుంటే అరిగిపోవాలి, అంతే. ఇంట్లో ఏ నమ్మకమూ పెద్దగా పట్టించుకోని నేను ఈ ఒక్కదాన్ని ఎందుకో పట్టుకుని ఉన్నాను. పెన్‌డ్రైవ్‌ని డ్రాయర్‌లో పెట్టేశాను. అది అక్కడే ఆరింది.

మర్నాడు పరీక్ష కంప్యూటర్ లేవలేదు. నల్లటి తెరమీద, మొదలుపెట్టడానికి కావలసిన ఫైలు దొరకలేదన్న మాట ఒక్కటే. ఏడాదికోసారి విశ్రాంతి ఇస్తే అది శాశ్వతంగా తీసుకుంది. నేను పెన్‌డ్రైవ్ గుచ్చాను. ఏమీ కాలేదు. తీసి చొక్కా అంచుతో తుడిచి గుచ్చాను. అప్పటికి నాన్న మాట ఎలాగూ తప్పాను. అయినా ఏమీ కాలేదు. నా లాప్‌టాప్‌కి గుచ్చినా అది ఉన్నట్టే తెలియడం లేదు.

సరే, కొత్త విడుదల దించాను. వేరే పెన్‌డ్రైవ్‌లో రాశాను. గుచ్చితే మెనూ అందంగా వచ్చింది, రంగులు కూడా మార్చారు. ఎంటర్ నొక్కగానే ఒక వాక్యం రాసింది. ఈ ప్రాసెసర్ మీద నేను నడవలేను, దీనికి తగినది తెచ్చుకో, అని. ఎక్కడినుంచి తెచ్చుకోను? తగినదాన్ని తీసేసింది మీరే కదా.

మేనేజర్ వచ్చి నిలబడ్డాడు. కోల్‌కతా కుర్రాడు, మంచివాడే, నిదానం లేదు.

“దాదా, ఈ మ్యూజియం పీస్ మీద ఇంకెంతసేపు? సోమవారం కస్టమర్ తరఫు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. అప్పటికి నడవకపోతే మొత్తం సెట్టు తీసేద్దాం. కొత్త మెషిన్ కంపెనీవాళ్లు తమ ఆపరేటర్‌నే పంపిస్తామంటున్నారు.”

“మరి దీదీ?”

“ప్యాకింగ్‌లో మనుషులు కావాలి కదా. ఠీక్ హై, చూద్దాం.”

దీదీ అక్కడే ఉంది. తన యంత్రం దవడల మీది ఇనుప రజను బ్రష్‌తో దులుపుతూ ఉండిపోయింది. ప్యాకింగంటే రోజంతా నిలబడి అట్టపెట్టెలకు టేపు వేయడం. ఆమె మోకాళ్ల సంగతి మా కాలనీలో అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే నా రెండో ఉత్తరం రాశాను. ఒక మనిషి పని దీనిమీద ఆధారపడి ఉంది, పాత విడుదల ఎక్కడ దొరుకుతుందో ఒక్క మాట చెప్పండి, అని. కింద బొటనవేలు వచ్చింది. తెలిసినవాళ్లనడిగాను, వాళ్ల దగ్గరా కొత్తవే. రిబ్బన్ తీగ డిస్కును బయటినుంచి నా లాప్‌టాప్‌కి కలిపే అడాప్టర్ కోసం గోల్ బజారులో తిరిగాను. “దాదా, అవి వాడేవాళ్లే పోయారు” అన్నాడు కొట్టువాడు, నేను ఇంకా ఉన్నందుకు ఆశ్చర్యపడుతూ. ఆన్‌లైన్‌లో దొరికేది వచ్చే వారం చివరికి గానీ రాదట.

శనివారం టిఫిన్ వేళ గదిలో మేమిద్దరమే ఉన్నాం. దీదీ నా బల్ల దగ్గరికి వచ్చింది.

“అన్నయ్యా, ఒక మాట సెప్తాను, కోప్పడకు.”

“చెప్పు.”

“ఆ బొట్టు నానే ఎట్టినాను. నా మిషన్‌కి ఎట్టినాను. మరి దానికి జొరమొస్తే నయం సేసేది నీ పుల్లే కదా అని దానికీ ఎట్టినాను. గంధం కాస్త ఎక్కువైపోనాది.”

ఆమె నా మొహం చూడటం లేదు. నేను సంవత్సరాలుగా దూరదేశాలవాళ్లమీద దాచుకున్న కోపమంతా ఆ క్షణంలో నోటిదాకా వచ్చిన మాట నిజం. కానీ ఏమని తిట్టాలి? ఆ యంత్రం బాగుండాలని మా ఫ్యాక్టరీలో కోరుకున్న మనిషి ఆమె ఒక్కతే. అందుకే చేసిన పని.

“కొంచెం ఎక్కువే” అన్నాను. “అయ్యవారి నుదుటికి పెట్టినట్టు పెట్టావు. మూతికి కాదు, వీపుకి పెట్టాలి.”

“దాని వీపెక్కడుందో నాకేటి తెలుసు?”

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమే, పరీక్షకు ముందు కడ్డీ ముక్కల జిడ్డు తుడిచే స్పిరిట్ సీసా, సన్నటి బ్రష్ తెచ్చింది. ఆమె పెన్‌డ్రైవ్‌ని కిటికీ వెలుగులో పట్టుకుంది, నేను మూతి లోపల గీకాను. నేను చొక్కాతో తుడిచి గుచ్చినప్పుడు ఆరిన గంధం ఇంకా లోపలికి నెట్టుకుపోయి, రాగి పట్టీల మీద పింగాణీలా అతుక్కుపోయింది. ఎర్రటి పొడి రాలుతూ ఉంటే ఆమె పెదవులు ఏదో గొణిగాయి. దండం పెట్టుకుందో క్షమాపణ చెప్పుకుందో అడగలేదు.

ఆరనిచ్చి లాప్‌టాప్‌కి గుచ్చాను. పలికింది. ముందు పరీక్ష కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తలేదు, అందులో ఉన్నదాన్ని దొరికిన ప్రతి చోటా కాపీ చేశాను. ఆ తర్వాతే వెళ్లాను. పాత మెనూ వచ్చింది, రంగులేమీ లేని తెల్ల అక్షరాల మెనూ. డిస్కు తప్పులు సరిచేసి, మొదలయ్యే ఫైలును తిరిగి దాని చోట పెట్టాను. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే కంప్యూటర్ తనంతట తనే లేచింది. దీదీ ఒక కడ్డీ బిగించి మీట నొక్కింది. గీత పైకి పాకి, వంగి, ఠప్పుమని తెగింది. సోమవారం ఇన్‌స్పెక్టర్ ఆ గీతలు చూసి సంతకం పెట్టి వెళ్లాడు. మేనేజర్ “గుడ్” అన్నాడు. ఆయన దగ్గర అంతకన్నా పొడుగు మాట నేను ఆశించను.

ఇప్పుడు ఆమె పని ఉంది. ఎన్నాళ్లుంటుందో నాకు తెలియదు. ఆ కంప్యూటర్ మళ్లీ పడిపోతుంది, అది పాతది. నా దగ్గర కాపీలున్నాయి. కానీ కాపీ పెట్టుకోనివాడు ఎవడో ఇంకో ఊళ్లో, ఇంకో పాత యంత్రం ముందు కూర్చుని, నాకు కనిపించిన వాక్యమే చూస్తూ ఉంటాడు. అతని పక్కన కూడా ఎవరో ఒకరు బ్రష్‌తో దులుపుతూ నిలబడి ఉంటారు.

మొన్న ఇంకో కొత్త విడుదల వచ్చింది. ప్రకటన అడుగుదాకా చదివాను. నా సంగతి లేదు. కంప్యూటర్ బాగయ్యాక ఇదంతా వివరంగా చెబుతూ రాస్తే వాళ్ల యంత్రం మూసేసిన నా మూడో ఉత్తరాన్ని మళ్లీ తెరవమని నాలుగోది రాశాను. నా దగ్గరున్న ఆఖరి పాత విడుదలను నేనే పంపిస్తాను, దాచే చోటు చూపించండి చాలు, అని కూడా అందులో రాశాను. ఇది దయ అడగడం కాదు. ఉంచుతారా, ఉంచరా? అవునంటే అవునని, కాదంటే ఎందుకు కాదో, పేరున్న మనిషి ఎవరైనా ఈసారి రెండు ముక్కలు రాయండి. బొటనవేలు పెట్టకండి.