అద్దంలో చూసి గీసుకున్న వేగస్ నరం

మనుషుల పరువు మామూలుగా నోటి వల్ల పోతుంది. నాది ఛాతీ వల్ల పోయింది. అదీ చొక్కా గుండీలు విప్పాక, పదకొండు మంది తోటి విద్యార్థుల ఎదుట. ఎలా పోయిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం భయంతో నా నోట్లో తడి ఆరిపోయింది.

అప్పుడు నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. అనాటమీలో ఒకసారి తప్పి సప్లిమెంటరీ రాస్తున్నాను. ఈసారీ తప్పితే నా బ్యాచ్ ముందుకు వెళ్ళిపోతుంది, నేను జూనియర్ల పక్కన కూర్చుని మళ్ళీ మొదటి పేజీ తియ్యాలి. పైగా వైవాకి, అంటే నోటి పరీక్షకి, బయటి కాలేజీ నుంచి వస్తున్న మేడం ఛాతీ తప్ప ఇంకో భాగం అడగరని పుకారు.

ఛాతీ అంటే నాకు వేగస్ భయం. మెదడు దగ్గర బయలుదేరి, మెడలోంచి ఛాతీలోకి, అక్కణ్ణుంచి పొట్టలోకి దిగే నరం అది. కుడికొకటి, ఎడమకొకటి. రెండూ ఒకేలా నడిస్తే గొడవే లేదు. కుడిది పైన, చేతికి రక్తం తీసుకెళ్ళే సబ్‌క్లేవియన్ ధమని దగ్గరే ఒక కొమ్మను మెలితిప్పి గొంతుకు పంపేస్తుంది. ఎడమది ఇంకా కిందికి, గుండెలోంచి వచ్చే పెద్ద ధమని అయోర్టా వంపు దాకా దిగొచ్చి అక్కడ మెలితిప్పుతుంది. ఏది ఎటో నాకు పడుకుంటే ఒకలా, లేస్తే ఇంకోలా గుర్తొచ్చేది.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న మా పెద్దనాన్న కొడుకు శైలన్న గదిలో ఉండేవాణ్ణి. గది గోడలనిండా ఆయన రాసుకున్న రాజ్యాంగం ఆర్టికల్సే.

"ఏంది తమ్మీ, గంత పరేషాన్ అయితున్నవ్?" అన్నాడు.

"వేగస్ గుర్తుంటలేదన్నా. రేపే వైవా."

"నేను గోడ మీద రాసుకుంటలేనా? నువ్వు గూడ రాసుకో."

"వైవాకి గోడ తీస్కపోతనా?"

శైలన్న నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఒళ్ళు తీస్కపోతవ్ గద."

చిక్కడపల్లి వెళ్ళి మూడు రంగుల పర్మనెంట్ మార్కర్లు కొన్నాను. "సబ్బు పెట్టి రుద్దినా పోదు, గ్యారంటీ," అన్నాడు షాపాయన. "గదే కావాలె," అన్నాను ఎంతో తెలివైనవాడిలా.

చొక్కా విప్పి అద్దం ముందు నిలబడ్డాను. శైలన్న అద్దం పక్కన పుస్తకం పట్టుకున్నాడు. పుస్తకంలో కుడివైపున్నది అద్దంలో కుడివైపు, ఎడమవైపున్నది ఎడమవైపు శ్రద్ధగా దించాను. అయోర్టా ఎరుపు, వేగస్ ఆకుపచ్చ, గుండెకు వెళ్ళే మిగతా నరాలు నీలం.

"సేమ్ టు సేమ్ తమ్మీ! జిరాక్స్ తీసినట్టున్నది."

మీరు ఈపాటికి పసిగట్టే ఉంటారు. పుస్తకంలో బొమ్మ మనకెదురుగా నిలబడ్డ మనిషిది, అతని ఎడమ మన కుడిచేతి వైపు ఉంటుంది. అద్దంలో అలా కాదు, మన ఎడమ మన ఎడమవైపే కనిపిస్తుంది. బొమ్మ చూసి అద్దంలో దించితే ఒంటిమీద అంతా తారుమారు. మీకు తట్టినంత తేలిగ్గా మాకు తట్టలేదు. మేమిద్దరం పోటీ పరీక్షల వాళ్ళం మరి.

పొద్దున నారాయణగూడలో మెట్రో ఎక్కేసరికే చెమటలు పట్టాయి. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, పక్కసీటు పెద్దాయన జరిగి కూర్చున్నారు. దొరికిపోతే కాపీ కేసు. మూడేళ్ళు పరీక్షలు రాయనివ్వరని ఎవరో చెప్పింది అప్పుడే గుర్తుకు రావాలా? దిగి వెనక్కి వెళ్ళిపోదామని రెండు స్టేషన్లలో లేచి, రెండుసార్లూ కూర్చున్నాను.

వైవా గదిలో మేడం కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎడమ వేగస్ కొమ్మ దేన్ని చుట్టుకొని పైకి పోతది బాబూ?"

ఆలోచిస్తున్నట్టు తల దించి, కాలర్‌లోంచి తొంగి చూశాను. "సబ్‌క్లేవియన్ ధమనిని మేడం."

"మరి అయోర్టా వంపు ఏ పక్కకున్నది?"

మళ్ళీ తొంగి చూశాను. "కుడిపక్కకు మేడం."

"ఎవరికి?"

"నాకు మేడం."

"నీకా? చూసినవా?"

"చూసిన మేడం."

ఆ మాట నోట్లోంచి జారాక తెలిసింది ఏమన్నానో. గుండె ఒక్కసారి గుర్రంలా ఉరికింది, తర్వాత ఎవరో బ్రేకు తొక్కినట్టు నెమ్మదించింది. చెవుల్లో హోరు. మేడం ముఖం చిన్నదై దూరంగా వెళ్ళిపోయింది.

కళ్ళు తెరిచేసరికి నేల మీదున్నాను. ల్యాబ్ అటెండర్ యాదగిరన్న నాకు గాలి ఆడాలని గుండీలన్నీ విప్పేశాడు.

"మేడం, ఈ పిలగాని మీద మెట్రో మ్యాప్ ఉన్నది!"

మేడం వంగి చూశారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూశారు. నాకు జీవితం అయిపోయిందనే అనిపించింది. ఏడుపొచ్చేసింది.

"కాపీ కేసు రాయొచ్చు," అన్నారు చివరికి. "కానీ ఇండ్ల కాపీ కొట్టెతందుకు ఒక్కటన్న కరెక్టున్నదా? లే. ఒక్కటే ప్రశ్న. ఇప్పుడు నువ్వెందుకు పడిపోయినవ్?"

"భయమైంది మేడం."

"భయమైతే లోపల ఏం జరిగింది?"

ఛాతీ వైపు చూడటానికి ధైర్యం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. "ముందు వెన్నెముక పక్క గొలుసు నుంచొచ్చే సింపథెటిక్ నరాలు గుండెను ఉరికించినయ్ మేడం. తర్వాత వేగస్ ఎక్కువ గుంజి పట్టింది. గుండె నెమ్మదైంది, బీపీ పడిపోయింది, మెదడుకు రక్తం సాలలే."

మేడం కాగితం మీద ఏదో రాశారు. "పాస్."

నేను గబగబా గుండీలు పెట్టుకోబోయాను.

"ఆగు," అన్నారు మేడం. "యాదగిరీ, బయటున్నోళ్ళను ఒక్కొక్కల్ని పిలువు. ఈ బాబు మీద తప్పులేమున్నయో చెప్పుమను."

పదకొండు మంది వచ్చారు. నా మీద పెన్ను పెట్టి చూపిస్తూ తప్పులన్నీ చెప్పారు. నా పుణ్యమా అని అందరికీ మంచి మార్కులొచ్చాయి. నాకొచ్చింది సరిగ్గా పాసు మార్కు. అంతా అయ్యేదాకా నన్ను కదలొద్దన్నారు.

కాబట్టి సకల వైద్య లోకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అద్దంలో చూసి నా ఒంటిమీద నుదుటి బొట్టు తప్ప మరేదీ పెట్టుకోను. అదైతే నట్టనడుమ ఉంటుంది.